మేజోళ్ళు లేని దొర

మొన్న అక్టోబరు నెలాఖరున మా అల్లుడు మేడ దిగి వచ్చి నా ఎదుట నిలబడి, "ఎలా వున్నాను మావయ్యగారూ?" అని అడిగాడు.

ఇక్కడ అమెరికాలో ఏటా అక్టోబరు 31న పిల్లలూ పెద్దలూ వేషాలు కడతారు. ఆ సాయంత్రం అతని స్నేహితుల ఇంట్లో విందు. వచ్చేవాళ్ళంతా 1980ల నాటి వేషంలో రావాలని నియమమట. మా అల్లుడు ఆ దశాబ్దంలో పుట్టినవాడే గాని ఆనాటి ముచ్చట్లేవీ ఎరగడు. ఎవరి బొమ్మలో చూశాడు కాబోలు, వేషం మాత్రం బాగా సిద్ధం చేసుకున్నాడు. తెల్లకోటు. దాని చేతులు మోచేతుల దాకా పైకి లాగి వున్నాయి. కోటు లోపల చొక్కా లేదు, లేత నీలిరంగు బనీను వుంది. రెండు రోజుల గడ్డం. చీకటి పడుతున్నా సరే, నల్లకళ్ళద్దాలు.

నా చూపు మాత్రం తిన్నగా అతని పాదాల మీదికి పోయింది. అనుకున్నంతా అయింది. బూట్లున్నాయి. మేజోళ్ళు లేవు.

"చాలా బాగున్నావు నాయనా" అన్నాను. ఆ మూడు మాటలూ అనడానికి నాకు కొంచెం వ్యవధి పట్టింది.

"ఏమిటి నాన్నా, అలా అయిపోయారు?" అంది మా అమ్మాయి.

"ఏమీ లేదు" అన్నాను. ఆ 'ఏమీ లేదు' ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

* * *

నేను 1984 ఆగస్టులో ఎం.ఎస్. చదువు కోసం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి వచ్చాను. గుంటూరు ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నగారు కలెక్టరాఫీసులో హెడ్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. నా విమానం టిక్కెట్టు కోసం మా అమ్మ చేతి గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. అవి విడిపించడం నా మొదటి జీతంతో జరగవలసిన శుభకార్యమని ఇంట్లో అందరికీ తెలుసు గాని, ఎవరూ పైకి అనేవారు కారు.

క్లీవ్‌లాండ్‌లో నలుగురు తెలుగువాళ్ళం ఒకే వాటాలో వుండేవాళ్ళం. వంట వంతులవారీగా. పాతసామాన్ల దుకాణంలో 30 డాలర్లు పోసి ఒక టెలివిజన్ కొన్నాం. అది రంగుల టెలివిజనే. కాకపోతే దాని చెంప మీద గట్టిగా ఒకటి ఇస్తే గాని రంగులు వచ్చేవి కావు.

ఆ సెప్టెంబరు 16న ఎన్.బి.సి. వారు 'మయామీ వైస్' అనే పోలీసు సీరియల్ ప్రారంభించారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రాత్రి 10 గంటలకు వచ్చేది. శుక్రవారం రాత్రి ఈ దేశపు కుర్రకారు ఇంటి పట్టున వుండే వేళ కాదు. మాకు పోవడానికి చోటూ లేదు, పోతే ఖర్చు పెట్టడానికి డబ్బూ లేదు. అంచేత మొదటి వారం నుంచీ చూసిన ఘనత మాకు దక్కింది.

కథ ఏమంత కొత్తది కాదు. ఫ్లోరిడాలో సముద్రపు ఒడ్డున మయామీ నగరం. అక్కడ మాదకద్రవ్యాల వ్యాపారులను పట్టుకోవడానికి ఇద్దరు డిటెక్టివులు దొంగల్లో దొంగలుగా తిరుగుతూ వుంటారు. ఒకడు సన్నీ క్రాకెట్. ఆ పాత్ర డాన్ జాన్సన్ వేశాడు. రెండోవాడు రికార్డో టబ్స్. అది ఫిలిప్ మైకేల్ థామస్. క్రాకెట్ కాపురం తెరచాప పడవలో. పెంపుడు జంతువు మొసలి. దాని పేరు ఎల్విస్. కథ రాసి పుట్టించినవాడు ఆంటొనీ యెర్కొవిచ్, దానికి రూపురేఖలు దిద్దినవాడు మైకేల్ మాన్.

కొత్తదనమంతా ఆ రూపురేఖల్లోనే వుంది. అంతకుముందు పోలీసు కథ అంటే మట్టిరంగు గోడలు, ముడతలు పడ్డ కోట్లు, ఫైళ్ళు పేర్చిన బల్లలు. మాన్ మట్టిరంగులు తెరమీదికి రాకూడదని ఆంక్ష పెట్టాడట. ఎటు చూసినా లేత గులాబీ, లేత నీలం, సముద్రపు ఆకుపచ్చ. చెక్ దేశంలో పుట్టిన యాన్ హామర్ అనే సంగీతదర్శకుడు ప్రతి వారం కథకూ కొత్తగా సంగీతం కట్టేవాడు. అది చాలదన్నట్టు, రేడియోలో మోగుతున్న అసలు పాటలకే హక్కులు కొని కథలో కలిపేవారు. ఒక్కొక్క వారం కథకు సుమారు 13 లక్షల డాలర్లు ఖర్చయ్యేదని చెప్పుకునేవారు. మా నలుగురికీ నెలకు వచ్చే డబ్బంతా కలిపితే అందులో ఒక బూట్లజత ఖర్చుకు సరిపోయేదేమో.

కాని నేను చెప్పదలచింది రంగుల సంగతి కాదు. మొదటి రోజునే ఒక దృశ్యం వచ్చింది. రాత్రివేళ. డిటెక్టివులిద్దరూ శత్రువును ఎదుర్కోవడానికి కారులో పోతున్నారు. వెనుక ఫిల్ కాలిన్స్ పాట. మాటల్లేవు. నల్లటి కారు మీద వీధిదీపాలు జారిపోతున్నాయి. మధ్యదారిలో క్రాకెట్ కారు ఆపి, రోడ్డు పక్కన టెలిఫోను బూత్ దగ్గరకు వెళ్ళి, విడిపోయిన భార్యకు ఫోను చేస్తాడు. మనం కలిసి వున్న ఆ పాత రోజులు నిజమైనవే కదా అని అడుగుతాడు. నిజమైనవేనని ఆవిడ అంటుంది. అంతే. మళ్ళీ వచ్చి కారెక్కుతాడు.

మాలో పెద్దవాడు ఒక తెనాలి ఆయన. పెళ్ళాన్నీ ఆరునెలల పిల్లనూ వదిలి వచ్చినవాడు. ఆ దృశ్యం కాగానే ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. చాలాసేపు కొళాయి చప్పుడు వినిపించింది. ఆ రాత్రి తన వంతు కాకపోయినా గిన్నెలన్నీ ఆయనే తోమాడు.

* * *

మొదటి ఏడాది ఆ సీరియల్‌కు పెద్ద పేరేమీ రాలేదు. 1985 వేసవిలో పాత కథలు మళ్ళీ వేశారు. అప్పుడు అంటుకుంది జ్వరం. దుకాణాల్లో లేతరంగు కోట్లు వేలాడదీశారు. రెండు రోజుల గడ్డం రెండు రోజుల గడ్డంగానే నిలిపి వుంచడానికి ప్రత్యేకంగా ఒక మిషను అమ్మారు. గడ్డం గీసే మిషను మన తాతలకూ తెలుసు. గీయకుండా వుంచే మిషను మాత్రం అప్పుడే చూశాను. నవంబరు వచ్చేసరికి హామర్ కట్టిన ఆ ప్రారంభ సంగీతం, మాట లేని వట్టి వాద్యసంగీతం, దేశంలోకెల్లా ఎక్కువగా అమ్ముడయ్యే పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇక నకళ్ళు రాకుండా వుంటాయా? మన వారపత్రికల్లో ఒక డిటెక్టివు సీరియల్ బాగా నడిస్తే, ఆర్నెల్లు తిరక్కుండా పక్క పత్రికలో మరో డిటెక్టివు ప్రత్యక్షం కావడం చదువరులకు కొత్త కాదు. అమెరికాలో అప్పట్లో మూడు పెద్ద టెలివిజన్ కంపెనీలుండేవి. వసంతంలో నమూనా కథలు తీయించి చూసి, నచ్చినవాటిని సెప్టెంబరులో మొదలుపెట్టేవారు. జనం చూస్తే వుంచేవారు, చూడకపోతే పండుగల లోపలే మూసేసేవారు. ఎన్.బి.సి. పెరట్లో చెట్టు కాసింది గనుక, పక్కనున్న ఏ.బి.సి. వారు ఆ 1985 సెప్టెంబరులో తమ పెరట్లోనూ అంట్లు నాటారు.

ఒకటి 'హాలీవుడ్ బీట్'. ఇందులోనూ ఇద్దరు పోలీసులే. జాక్ స్కాలియా, జే అకొవోనీ ఆ పాత్రలు వేశారు. మయామీ బదులు హాలీవుడ్ వీధులు. మారువేషాలు మరీ ఎక్కువ. రెండోది 'ది ఇన్‌సైడర్స్'. ఇందులో కథానాయకుడు పోలీసు కాదు, పత్రికా విలేఖరి. జైలునుంచి వచ్చిన ఒకణ్ణి తోడు పెట్టుకుని, మారుపేర్లతో నేరస్థుల్లోకి చొరబడి వార్తలు రాస్తాడు. వీరిలోనూ ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు. వీరికీ మంచి బట్టలున్నాయి. వీరికీ పాటలున్నాయి.

మేము ఆ రెండూ కూడా భక్తిగా చూశాం. పాట మోగేది. కారు పరుగెత్తేది. దీపాలు మెరిసేవి. అయినా ఏదో లోటు. శుభలేఖ అంతా బంగారు అక్షరాలతో అచ్చువేసి, పెళ్ళికూతురి పేరు వేయడం మరిచిపోయినట్టుండేది. ఒక రాత్రి తెనాలి ఆయన, "వీళ్ళు కారు ఆపరేమిటోయ్?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. "ఎందుకాపాలి?" అన్నాను.

"ఫోను చేసుకోవద్దూ?" అన్నాడు.

అదీ సంగతి. పక్కింటి కిటికీలోంచి చూసేవాడికి కోటు కనిపిస్తుంది, కారు కనిపిస్తుంది, పాట వినిపిస్తుంది. వాటి ఖరీదు లెక్కకట్టి తానూ కొనుక్కోవచ్చు. కాని ఆ క్రాకెట్ కోటు వెనుక చెడిపోయిన కాపురం వుంది. పట్టుకున్న ప్రతి దొంగకూ చచ్చిపోయిన ఒక స్నేహితుడున్నాడు. కథ చాలాసార్లు గెలుపుతో ముగిసేది కాదు, దొంగ దొరికాక కూడా ఆ ఇద్దరూ ఓడిపోయినవాళ్ళలాగే నిలబడి వుండేవారు. వాళ్ళ పై అధికారి కాస్టియో వుండేవాడు, ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ వేసిన పాత్ర. ఆయన ఎప్పుడూ నల్లకోటే. మాట తక్కువ, నవ్వు అసలే లేదు. అంత రంగుల మధ్య ఆ నల్లకోటు ఎందుకు పెట్టారా అని నేననుకునేవాణ్ణి. 1985లో ఎమ్మీ బహుమతి మాత్రం ఆ నల్లకోటాయనకే వచ్చింది. పక్క కంపెనీవాళ్ళు గులాబీకోట్లు కొన్నారు. నల్లకోటు ఎవరూ కొనలేదు.

'హాలీవుడ్ బీట్' ఆ నవంబరులోనే మూతపడింది. 'ది ఇన్‌సైడర్స్' జనవరి దాకా లాక్కువచ్చింది.

ఆ ఏడాది వచ్చిన మూడో నకలు మాత్రం వాటికంటే ఎక్కువ కాలం నడిచింది. అది నేను.

* * *

నవ్వకండి. అప్పుడు నాకు 24 ఏళ్ళు. క్లాసులో నా ఇంగ్లీషు విని ఒకటికి రెండుసార్లు "ఏమిటి?" అని అడిగేవారే గాని, నన్ను చూసి ఎవరూ రెండోసారి చూసింది లేదు. ఒక శనివారం 45 డాలర్లు పోసి తెల్లకోటు కొన్నాను. ఆనాటి లెక్కన డాలరుకు 12 రూపాయల పైచిలుకు. అంటే దాదాపు 550 రూపాయలు. నాన్నగారి పింఛను దగ్గర దగ్గర అంతే. ఆ లెక్క కొట్లో వుండగా నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదంటే నిజం చెప్పినట్టవుతుంది.

చేతులు మోచేతుల దాకా లాగాను. కోటు కింద నీలం బనీను వేశాను. గడ్డం వదిలేశాను. ఇక మేజోళ్ళు. మయామీలో డిసెంబరులోనూ ఎండ కాస్తుంది. క్లీవ్‌లాండ్‌లో డిసెంబరులో మోకాలి లోతు మంచు. పక్కనే ఈరీ అనే సముద్రమంత చెరువు, దానిమీదుగా వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. కాని క్రాకెట్ మేజోళ్ళు తొడగడు గదా! నేనూ తొడగలేదు. మంచులో నిలబడి, నల్లకళ్ళద్దాలు పెట్టి, ఒక ఫొటో తీయించుకున్నాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా, ఆ సంగతి ఫొటోలో తెలియదు. ఆ ఫొటో గుంటూరుకు పోస్టు చేశాను.

1986 ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. నీలిరంగు విమానపు కవరు. నాన్నగారి గుండ్రటి దస్తూరీ. ఆ వుత్తరం నా దగ్గర ఇప్పటికీ వుంది.

"చిరంజీవికి మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నీవు పంపిన ఫొటో చేరినది. మీ అమ్మ చూచి రెండు రోజులు అన్నము సరిగా తినలేదు. కోటు నీది కానట్లున్నది, చేతులు బొత్తిగా పొట్టివైనవి. ఎవరినైనా అడిగి తెచ్చుకొంటివా? లోపల చొక్కా లేక వట్టి బనీనుతో నిలిచితివి. క్షౌరమునకు బ్లేడ్ల ధర అక్కడ హెచ్చుగా వున్నదా? అంత మంచులో కాళ్ళకు మేజోళ్ళైనను లేకపోవుట చూచి నాకు మనసు మనసులో లేదు. కళ్ళద్దములు నల్లనివి పెట్టితివి, కండ్ల జబ్బేమైనా చేసినదా? సిగ్గుపడక వ్రాయుము. మాకు ఇక్కడ ఏ లోటును లేదు. నీవు డబ్బు పంపవలెనను ఆలోచన పెట్టుకొనవద్దు."

నేను ఆ వుత్తరం మా వాళ్ళకు చదివి వినిపించాను. ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. నేనయితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. తెనాలి ఆయన ఒక్కడే నవ్వలేదు. "ఇవాళే జవాబు రాయి" అన్నాడు.

రాశాను. 'ఇది ఇక్కడి ఫ్యాషను నాన్నగారూ, మయామీ వైస్ అని టెలివిజన్‌లో వస్తుంది, అందులో కథానాయకుడి వేషం' అని నాలుగు ముక్కలు రాసి పడేశాను. అంతకన్నా వివరించే ఓపిక లేకపోయింది. ఆ తరువాత మా చెల్లెలు రాసింది: వైస్ అంటే ఏమిటో చూద్దామని నాన్నగారు శంకరనారాయణ డిక్షనరీ దించారట. 'దుర్గుణము, దుర్వ్యసనము' అన్న అర్థాలు చూసి మూసేశారట. మాదకద్రవ్యాల నేరాలూ జూదమూ చూసే పోలీసు శాఖకు ఈ దేశంలో ఆ పేరని నేను రాయనే లేదు గదా!

మార్చిలో ఒక పొట్లం వచ్చింది. గుంటూరునుంచి అమెరికా వస్తున్న ఒక డాక్టరుగారు తెచ్చి, ఇక్కడి పోస్టులో వేశారు. అందులో నాలుగు జతల బూడిదరంగు వున్ని మేజోళ్ళు. గుంటూరులో వున్ని మేజోళ్ళు ఎవరమ్ముతారు? నాన్నగారు హైదరాబాదు వెళ్ళి, చలికాలంలో స్వెటర్లు అమ్మే టిబెటన్ల దగ్గర కొన్నారని తరువాత తెలిసింది. పొట్లంలో చిన్న చీటీ. 'వాడుకొనుము. దాచవద్దు.'

నేను దాచాను. పెట్టె అడుగున పడేశాను. క్రాకెట్ వున్ని మేజోళ్ళు తొడగడు గదా!

* * *

నకళ్ళ కథ అక్కడితో అయిపోలేదు. అసలు కథలో కూడా ఒక తమాషా బయటపడింది. క్రాకెట్ నడిపిన ఆ నల్లటి ఫెరారీ అసలు ఫెరారీ కానే కాదు. కింద షెవ్రొలే కార్వెట్, పైన ఫెరారీ తొడుగు. ఇటలీలో అసలు కంపెనీవారికి ఒళ్ళు మండింది. ఆ తొడుగులు చేసేవారి మీద దావా పడింది. చివరకు 1986 శరత్కాలంలో మూడో ఏడాది కథ మొదలవుతూనే ఆ కారును తెరమీద పేల్చేశారు. దాని బదులు ఫెరారీవారే అసలైన కారు ఇచ్చారు.

ఈ వార్త తెలిసి నేను చాలా నిరాశపడ్డాను. తెనాలి ఆయన మాత్రం, "కారు నకలైతేనేం, ఫోను నిజమైంది" అన్నాడు. ఆ మాటకు ఎంత లోతుందో నాకు అప్పట్లో తెలియలేదు.

చిత్రమేమంటే, ఆ సీరియల్‌ను తీసినవాళ్ళకే దాన్ని నకలు తీయాలని అనిపించలేదు. మైకేల్ మాన్ 1986లో 'క్రైమ్ స్టోరీ' అని మరొకటి మొదలుపెట్టి, గులాబీరంగులు వదిలి 1960ల నాటి షికాగోకు పోయాడు. నిజంగా షికాగో పోలీసుగా 18 ఏళ్ళు పనిచేసిన డెనిస్ ఫరీనా చేత ముఖ్యపాత్ర వేయించాడు. యెర్కొవిచ్ 1987లో 'ప్రైవేట్ ఐ' అని 1950ల లాస్ ఏంజిల్స్ కథ తీశాడు. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. అయినా అవి వాళ్ళవి.

అసలు 'మయామీ వైస్' మాటేమిటంటారా? 1986లో దాన్ని ఒక గంట ముందుకు జరిపి, అప్పట్లో మహారాజులా వెలుగుతున్న 'డాలస్' సీరియల్‌కు ఎదురు నిలబెట్టారు. జనం తగ్గారు. రంగులు ముదిరాయి. నాలుగో ఏడాది గ్రహాంతరవాసుల గొడవ కూడా ఒక కథలో వచ్చింది. 1989లో ముగిసింది. చివరి దినాల్లో అది తన్ను తానే అనుకరిస్తున్నట్టుండేది. ఇతరుల నకళ్ళు కొద్ది నెలల్లోనే పోయాయి. తన నకలు తాను కావడానికి దానికి నాలుగేళ్ళు పట్టింది.

* * *

నాకు చదువు పూర్తయి వుద్యోగం దొరికింది. 1987 డిసెంబరులో మొదటిసారి ఇంటికి వెళ్ళాను. విమానంలో కాళ్ళు కొంకర్లు పోతుంటే, పెట్టె అడుగున దొరికిన ఆ బూడిదరంగు మేజోళ్ళు తొడుక్కున్నాను. వాటితోనే గుంటూరు స్టేషనులో దిగాను.

నాన్నగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి వున్నారు. నేను వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతుంటే ఆయన నన్ను ఆపి, తల ఒక పక్కకు తిప్పి వంచి, నా పాదాలవంక చూశారు.

"అమ్మయ్య" అన్నారు.

తల అలా పక్కకు ఎందుకు తిప్పారో ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆయనకు కుడికన్ను కనబడడం లేదు. 1986 మొదట్లోనే కంటి డాక్టరు చూసి, ఇది నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరుగుతున్నది, మద్రాసు వెళ్ళి వైద్యం చేయించండి, ఆలస్యం కూడదని చెప్పాడట. ఆ జబ్బుకు నొప్పి వుండదు. చూపు అంచులనుంచి కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. మద్రాసు ప్రయాణానికీ మందులకూ ఆపరేషనుకూ డబ్బు కావాలి. అప్పటికే మా చెల్లెలి పెళ్ళి అప్పు వుంది.

"నాకెందుకు రాయలేదమ్మా?" అన్నాను.

అమ్మ నా వంక చూడకుండా, బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. "నేను రాద్దామన్నానురా. ఆయన పడనివ్వలేదు. మేజోళ్ళకే గతిలేని పిల్లవాడు, ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు, అప్పు చేస్తాడు, చదువు చెడుతుంది అన్నారు."

"అది ఫ్యాషనని రాశాను గదా అమ్మా!"

"రాశావు. ఆయన చదివి ఏమన్నారో తెలుసా? పాపం, మనం బాధపడతామని ఫ్యాషనని రాశాడు, వెధవకు అభిమానం ఎక్కువ అన్నారు."

చదువరులు గ్రహించే వుంటారు. నేను పక్కింటి కిటికీలోంచి చూసి కోటు కొనుక్కున్నవాణ్ణి. ఆయన నా ఫొటోలో నన్ను చూశారు. నేను చూపించినవన్నీ ఆయనకు కనిపించాయి, పొట్టిచేతుల కోటు, వట్టి బనీను, గీయని గడ్డం, ఖాళీ పాదాలు. వాటికి గుంటూరులో వున్న అర్థం ఒక్కటే. ఆ అర్థమే ఆయన చెప్పుకున్నారు. పైగా ఆయన అనుకున్నది పూర్తిగా తప్పని కూడా నేను అనలేను. నాకు ఆ రోజుల్లో ఏదో లేకపోబట్టే గదా, మరొకడి కోటు తొడిగి నిలబడ్డాను?

జనవరిలో మద్రాసు తీసుకువెళ్ళాను. ఎడమకన్ను నిలిచింది. ఆ ఒక్క కంటితోనే మరో 11 ఏళ్ళు, 1999లో పోయేదాకా, ఆయన రోజూ పేపరు చదివేవారు. తల కొంచెం పక్కకు తిప్పి. ఒక్కసారి కూడా ఆ విషయం ఎత్తలేదు. నేనే ఒకసారి ధైర్యం చేసి, "ఆ ఫొటో నా కొంప ముంచింది నాన్నగారూ" అన్నాను.

ఆయన పేపరు దించి, "ఏ ఫొటోరా? ఆ చలిదా?" అన్నారు. "అది నేనెప్పుడో మరిచిపోయాను. ఆ కోటు మాత్రం తిరిగి ఇచ్చేశావు గదా, ఎవరిదో వాళ్ళకి?"

"ఇచ్చేశాను" అన్నాను.

* * *

అల్లుడు తలుపు తీశాడు. బయటనుంచి చెరువు మీది చల్లగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. నేను లేచి, నా గదిలోకి వెళ్ళి, అలమార్లో పైఅర వెతికి, ఒక జత పట్టుకువచ్చాను. నాలుగు జతల్లో మిగిలిందొక్కటి. మడమ దగ్గర కొంచెం చిరుగు వుంది గాని, వున్ని ఇంకా గట్టిదే.

"ఇవి తొడుక్కో నాయనా. చలిగా వుంది" అన్నాను.

అతను నవ్వాడు. "అయ్యో మావయ్యగారూ, మీకు తెలియదు. ఇది అప్పటి స్టయిలు. దీనికి మేజోళ్ళు వుండకూడదు."

"తెలుసు నాయనా" అన్నాను. "నేనూ మా నాన్నగారికి అదే రాశాను."

అతను నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. ఏం తోచిందో, మెట్టుమీద కూర్చుని బూట్లు విప్పాడు.